పాత మోటార్‌హోమ్ లీకు గురించి మేనల్లుడికి

చిరంజీవి మేనల్లుడికి, మావయ్య ఆశీస్సులు.

నీ మోటార్‌హోమ్ (లోపలే ఇల్లులా ఉండే పెద్ద బండి) కింద ఎర్రటి నూనె మడుగు కట్టిందని, వెనక కుడివైపు జాకీ (నిలిపినప్పుడు బండిని సమంగా ఉంచే, నూనె ఒత్తిడితో దిగే కాలు) సీలు, అంటే నూనె కారకుండా ఆపే వలయం, పోయినట్టుందని, ఆదివారం విప్పేస్తానని రాశావు. విప్పకు. రెండు రోజులు అసలు పానా ముట్టుకోకు. ఇరవై ఏళ్లు దాటిన బండిలో నట్టు విప్పడం సులువే, మళ్లీ కారకుండా బిగించడమే కష్టం. ఎక్కడ కారుతోందో తేలకుండా చెయ్యి పెడితే ఒక లీకు రెండవుతుంది.

ముందు ఆ నూనె దేనిదో తేల్చుకో. పాత మోటార్‌హోమ్‌లలో లెవెలింగ్ జాకీలకీ, స్లైడ్‌అవుట్లకీ (బండి నిలిపాక బయటికి జరిగే గది భాగాలు) చాలావరకు ఏటీఎఫ్ (ఆటోమేటిక్ గేర్‌బాక్సు నూనె) పోస్తారు. అదే ఎర్ర నూనె గేర్‌బాక్సులోనూ ఉంటుంది, కొన్ని బండ్లలో పవర్ స్టీరింగులోనూ ఉంటుంది. అందుకే ఇంజిన్ స్టార్ట్ చేయకుండా, బండి కదపకుండా జాకీలు మాత్రం రెండుమూడుసార్లు దింపి ఎత్తు. కింద అట్ట పరిచి చూడు. అప్పుడు కొత్త చుక్కలు పడితే హైడ్రాలిక్స్‌ని, అంటే జాకీలని నడిపే నూనె వ్యవస్థని, అనుమానించొచ్చు.

నేను మొదట్లో చేసిన తెలివితక్కువ పని చెప్తాను, నవ్వుకో. జాకీలు దింపి ఉండగా వాటి నూనె ట్యాంకు మూత తీసి చూస్తే నూనె తక్కువగా కనిపించింది. నిండా పోశాను. సాయంత్రం జాకీలు ఎత్తేసరికి సిలిండర్లలో ఉన్న నూనె అంతా ట్యాంకులోకి తిరిగొచ్చింది. చోటు లేక, ట్యాంకుకి గాలి ఆడే మూతలోంచి పొంగి, ఛాసిస్ వెంట పారి, సరిగ్గా జాకీ మీంచి బొట్లుబొట్లుగా పడింది. నేను జాకీ సీలు మార్చాను. మూడు రోజుల పని. రోగం ఒకటైతే మందు ఇంకొకటి! మాన్యువల్‌లో వేరేలా రాసి ఉంటే తప్ప, జాకీలన్నీ ఎత్తి, స్లైడ్లు లోపలికి లాగాకే నూనె మట్టం చూడాలి. నీది కూడా ఇదేనేమో, ముందు అది చూడు.

అది కాకపోతే నూనె అంటిన చోటంతా కడుగు. జిడ్డు వదిలించే డీగ్రీజర్ కొట్టి, బ్రష్‌తో రుద్ది, నీళ్లు పోసి, బాగా ఆరనివ్వు. ఆరాక అనుమానం ఉన్న జాయింట్లన్నిటి మీదా టాల్కం పౌడర్ పల్చగా చల్లి, జాకీలు ఆడించి, టార్చి వేసి చూడు. తెల్లటి పొడి మీద సన్నటి ఎర్రగీత మొదలైన చోటే నీక్కావలసింది. చుక్క పడే చోటుని నమ్మకు. బండి నడిచేటప్పుడు గాలి నూనెని వెనక్కి తోస్తుంది, నిలబడ్డప్పుడు అది కిందికి జారుతుంది. కాబట్టి ఎప్పుడూ పైకీ, ముందుకీ వెతకాలి.

వెతికేటప్పుడు హోసుల (నూనె పోయే రబ్బరు గొట్టాలు) వెంట వేళ్లతో తడమొద్దు అల్లుడూ. ఈ ఒక్కమాట మాత్రం పెడచెవిన పెట్టకు. కారు టైర్లో ఒత్తిడి 30, 35 పీఎస్‌ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు). ఈ పంపులో వేలల్లో ఉంటుంది. నూనె చర్మంలోకి దూసుకుపోవడానికి 100 చాలు. సూదిబెజ్జమంత రంధ్రంలోంచి వచ్చే ధార కంటికి కూడా కనపడదు, గ్లవ్స్ దాన్ని ఆపవు. తగిలితే చీమ కుట్టినట్టే ఉంటుంది, కొన్ని గంటల్లో చెయ్యి ఉబ్బిపోతుంది. అలాంటిది జరిగితే నొప్పి లేదని ఇంట్లో కూర్చోకు, వెంటనే ఆస్పత్రికి వెళ్లి, ఒత్తిడితో నూనె లోపలికి దిగిందని ఆ మాటే చెప్పు. హోసు పక్కన పొడుగాటి అట్టముక్క జరుపుతూ పో, మరక పడితే అదే చోటు.

అలాగే జాకీల మీద నిలబెట్టిన బండి కిందికి దూరకు. నువ్వు బాగుచేయబోయేదే ఆ జాకీని కదా! ఎయిర్ సస్పెన్షన్ (స్ప్రింగుల బదులు గాలి సంచులు) ఉంటే గాలి దిగినప్పుడు కూడా బండి కుంగుతుంది. చక్రాలకు అడ్డు పెట్టి, మాన్యువల్ చూపించిన చోట ఛాసిస్ కింద బరువు తట్టుకునే స్టాండ్లు పెట్టాకే లోపలికి వెళ్లు.

చోటు దొరికాక పని పెద్దది కాదు. బరువంతా స్టాండ్ల మీద పడ్డాక జాకీలు ఎత్తేసి, బ్యాటరీ తీగ తీసి, చేత్తో తిప్పే మాన్యువల్ వాల్వు మెల్లగా తెరిచి ఒత్తిడి వదిలెయ్. ఫిట్టింగు దగ్గర చెమ్మ ఉంటే రెండు పానాలు వాడు, ఒకటి పట్టుకోవడానికి, ఒకటి తిప్పడానికి. ఒక్కదానితో తిప్పితే హోసు మెలిపడుతుంది. 37 డిగ్రీల ఫ్లేర్ ఫిట్టింగు (అంచు గరాటులా ఉండే జాయింటు) లోహానికి లోహం ఆని మూసుకుంటుంది, దాని మర మీద టెఫ్లాన్ టేపు చుట్టకు. ఆ టేపు పోగులు ఊడి వాల్వులో ఇరుక్కుంటే జాకీ దిగనూ దిగదు, ఎక్కనూ ఎక్కదు. సీలెంటు కావలసింది కోసుగా సన్నబడే పైపు మరలకే.

హోసు పైరబ్బరు పగుళ్లు తీస్తే అతుకులు, క్లాంపులు అనుకోకు. పాతదాన్ని రెండు చివరల ఫిట్టింగులతో సహా హైడ్రాలిక్ హోసులు చేసే షాపుకి తీసుకెళ్లి, అదే పొడుగు, అదే ప్రెషర్ రేటింగుతో కొత్తది చేయించు. బిగించేటప్పుడు హోసు మీద అచ్చువేసిన గీత చూడు. అది తిన్నగా పోతే సరే, చుట్లు తిరిగితే మెలిపెట్టేశావన్నమాట.

జాకీలోంచి బయటికి వచ్చే రాడ్డు దగ్గర నూనె ఊరితే రాడ్డుని తుడిచి, గోరుతో కిందనుంచి పైకి గీకి చూడు. గోరు ఎక్కడైనా తట్టుకుంటే క్రోమ్ మీద గుంట పడింది, కొత్త సీలు వేసినా దాన్నీ కోసేస్తుంది. నున్నగా ఉంటే సీలే. కానీ కొన్ని జాకీలకి వెనక్కి లాగే బలమైన స్ప్రింగులుంటాయి, అలాంటిదైతే విప్పడం మెకానిక్‌కి వదిలెయ్, పరువు తక్కువేం కాదు. నూనె విషయంలో మాత్రం సొంత తెలివి వద్దు, మాన్యువల్ చెప్పిందే పొయ్యి. ఏటీఎఫ్ వాడే సిస్టమ్‌లో బ్రేక్ ఫ్లూయిడ్ పోస్తే సీళ్లన్నీ ఒక్కసారే పాడవుతాయి.

బయట చుక్క లేకుండా జాకీ కుంగుతుంటే అది లోపలి లీకు. వాల్వులో చెత్త చేరి ఉండొచ్చు, లేదా మాన్యువల్ వాల్వు పూర్తిగా మూయకపోయి ఉండొచ్చు. రాత్రి చలికి నూనె ముడుచుకుని కొద్దిగా దిగడం మామూలే, దానికి టెన్షన్ పడకు.

పని అయ్యాక వాల్వు మూసి, బ్యాటరీ తీగ తగిలించి, స్టాండ్లు తీసేసి, జాకీలు నాలుగైదుసార్లు పూర్తిగా దింపి ఎత్తు, గాలి పోతుంది. తర్వాత జాకీలు దింపి రాడ్ల మీద టేపుతో గుర్తు పెట్టు. తెల్లారి స్కేలు పెట్టి నాలుగింటి కొలతలూ రాసి, కింద పరిచిన అట్ట ఫొటోతో పంపించు.

మీ మావయ్య