బడి వదిలాక బిడ్డను రోడ్డు అవతలి నుంచి పిలవవద్దు

చిత్తూరు.

చి. ల. సౌ. లావణ్యకు పెదనాన్న ఆశీస్సులు.

తిరుపతి బైరాగిపట్టెడలో ఇల్లు కుదిరిందనీ, బాబును ఒకటో తరగతిలో చేర్చావనీ, రోజూ స్కూటర్ మీద నీవే దించి తెచ్చుకుంటున్నావనీ మీ అమ్మ ఫోనులో చెప్పింది. ముప్పై ఏళ్లు ఆర్టీసీలో స్టీరింగ్ పట్టి, అందులో సగం తిరుమల ఘాట్ మీదే గడిపినవాణ్ణి కనుక ఈ ఉత్తరం రాస్తున్నాను.

అన్నిటికన్నా ముఖ్యమైనది ముందే చెబుతాను. సాయంత్రం బడి వదిలినప్పుడు రోడ్డుకు అవతల స్కూటర్ ఆపి, గేటులో నిలబడిన బిడ్డను చెయ్యూపి పిలవవద్దు. ఆరేళ్లవాడికి అమ్మ కనబడితే మధ్యలో ఉన్న రోడ్డు కనబడదు. ఒకసారి బాలాజీ కాలనీ వైపు బస్సు తెస్తుండగా, ఒక బడి ముందు ఆగి ఉన్న రెండు ఆటోల సందులోంచి నీళ్ల సీసా ఒకటి దొర్లుకుంటూ వచ్చింది. నేను బ్రేకు వేశాను. సీసా వెనకే వచ్చిన పాప బంపరుకు మూరెడు దూరంలో వంగి దాన్ని తీసుకుంటోందని కండక్టరు దిగి చూసి చెప్పేదాకా నాకు తెలియదు. నా సీట్లోంచి ఆమె తల వెంట్రుక కూడా కనబడలేదు. అవతలి వైపు వాళ్ల నాన్న, పిలిచిన చెయ్యి ఇంకా దించకుండానే, కొయ్యబారి నిలబడి ఉన్నాడు. ఘాట్‌లో కనబడని మలుపు ఎక్కడుందో మాకు ముందే తెలుస్తుంది. బడి దగ్గర ఆగిన ప్రతి ఆటో ఒక మలుపే.

గంటకు 40 కిలోమీటర్ల వేగంతో వచ్చే బండి ఒక్క సెకనులో 11 మీటర్లు, అంటే దాదాపు ఒక బస్సు పొడవు, ముందుకు వచ్చేస్తుంది. డ్రైవరు చూసి బ్రేకు మీదికి కాలు తెచ్చేలోపే ఆ సెకను కాస్తా పోతుంది. పైగా మన తిరుపతిలో తమిళనాడు నుంచీ కర్ణాటక నుంచీ రాత్రంతా నడుపుకుంటూ వచ్చి, అలిపిరి దారి కోసం ఫోను చూసుకునే వాళ్లు ఎందరో ఉంటారు. వాళ్లకు అక్కడ బడి ఉందన్న సంగతే తెలియదు.

అందుచేత కాస్త ముందుకు వెళ్లి తిరిగి రావలసి వచ్చినా సరే, గేటు ఉన్న వైపే బండి ఆపు. గేటుకు అడ్డంగా కాకుండా దూరంగా ఆపి, నడిచి వెళ్లి, వాడి వేళ్లు కాక మణికట్టు పట్టుకో. చెమట పట్టిన వేళ్లు ఇట్టే జారిపోతాయి. ఒకరోజు వాడి పక్కన గొంతుక్కూర్చుని, వాడి కళ్లు ఉన్న ఎత్తులోంచి ఆ రోడ్డును చూడు. ఆగిన బండి ముందు నుంచి దాటకూడదనీ, డ్రైవరు ముఖం తనకు కనబడకపోతే తానూ అతనికి కనబడడనీ వాడికి రోజూ చెప్పు.

హెల్మెట్ నీకే కాదు, వాడికీ ఉండాలి. నాలుగేళ్లు దాటినవారికి చట్టమే తప్పనిసరి చేసింది. మీ చిన్నపాపకు ఇంకా నాలుగేళ్లు నిండలేదు కాబట్టి నడిపేవారితో కట్టి ఉంచే బెల్టు, హెల్మెట్ రెండూ కావాలి, వేగం 40 దాటకూడదు. పెద్దవాడు ట్యూషన్‌కు స్కూటర్ అడుగుతున్నాడట. పదిహేనేళ్లవాడికి తాళం ఇస్తే 25,000 రూపాయల జరిమానా, మూడేళ్ల దాకా జైలు పడేది మీకే.

వచ్చే సోమవారం గోవిందరాజస్వామి గుడికి వస్తున్నాను. సాయంత్రం నీతో బడి దాకా వచ్చి, బండి ఎక్కడ ఆపితే మంచిదో చూస్తాను.

ఇట్లు,
మీ పెదనాన్న