వదినగారి పుస్తకం గురించి నిజం రాసినందుకు

ప్రశ్న: నాకు 63 ఏళ్లు. ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో సాంఘిక శాస్త్రం చెప్పి, ప్రధానోపాధ్యాయురాలిగా పదవీ విరమణ చేశాను. తెనాలిలో ఉంటాం. మావారు ఆర్టీసీలో పనిచేసి నాకంటే ముందే రిటైరయ్యారు. ఉద్యోగం చేసినన్నాళ్లూ పాఠ్యపుస్తకాలు, జవాబు పత్రాలు తప్ప మరేమీ చదవలేదు. ఇప్పుడు కథలు, డిటెక్టివ్ నవలలు, చరిత్ర, కవిత్వం, ఆత్మకథలు, అనువాదాలు, వంటల పుస్తకాలు, ఏది దొరికితే అది చదువుతున్నాను. చదివిన ప్రతి పుస్తకం గురించీ రెండు పేజీల సమీక్ష రాస్తున్నాను. ఒక మాసపత్రిక వాటిని వేసుకుంటోంది.

మావారి అక్కగారికి 70 ఏళ్లు. చిన్నప్పుడే తల్లి పోతే మావారిని పెంచింది ఆవిడే. ఈ మధ్య తన డబ్బుతో కవితల పుస్తకం 300 ప్రతులు వేయించి బంధువులకు, స్నేహితులకు పంచారు. "నలభై కవితల్లో అయిదు నిలుస్తాయి, మిగతావి ఇంకా కవితలు కాలేదు" అని సమీక్షలో రాశాను. అది అచ్చయిన రోజు నుంచి ఆవిడ ఫోను ఎత్తడం లేదు. రెండు నెలలుగా మావారు కూడా ముక్తసరిగా మాట్లాడుతున్నారు. హైదరాబాదులో ఉన్న మా అబ్బాయి, మూడేళ్ల మనవడిని చూసుకోవడానికి వచ్చేయమంటున్నాడు. "పుస్తకాలు ఇక్కడా చదువుకోవచ్చు, ఎలాగూ కాలక్షేపమే కదమ్మా" అంటాడు. నా పిల్లల్ని మా అత్తవారి వైపు పెద్దావిడ ఒకరు పెంచిపెట్టారు కాబట్టి కాదనలేకపోతున్నాను. పైగా పత్రికలో నా సమీక్షలు చూసిన ఒక పెద్దమనిషి "అన్నీ చదివేవారికి దేనిమీదా పట్టు ఉండదు" అన్నారు. ఈ రాతలు మానేయాలా? దివాను మంచం మీద పేరుకుపోయిన పుస్తకాలు ఏం చేయాలి?

జవాబు: అమ్మా, మానేయకండి. ముందే ఈ మాట చెప్పేస్తే మిగతాది మీరు స్థిమితంగా చదువుతారు.

వదినగారి సంగతితో మొదలుపెడతాను. మీ ఇంట్లో కమ్ముకున్న మబ్బు అక్కడి నుంచే వచ్చింది. మీరు రాసింది నిజమా కాదా అని నేను చూడబోవడం లేదు. మీ అంచనా సరైనదనే అనుకుందాం. అయితే ఆ సమీక్ష ఎవరి కోసం రాశారు? సమీక్ష రాసేది పాఠకుడి కోసం. నూట యాభయ్యో రెండు వందలో పెట్టి పుస్తకం కొనాలా వద్దా, నాలుగు సాయంత్రాలు దానికి ఇవ్వాలా వద్దా అని ఆలోచించే మనిషికి, ముందుగా చదివినవారు చెప్పే సాక్ష్యం అది. అక్కడ మొహమాటానికి పోతే ఆ పాఠకుడిని మోసం చేసినట్టే. రాచమల్లు రామచంద్రారెడ్డి గారి విమర్శ ఎంత కరుకుగా ఉండేదో మీకు తెలిసే ఉంటుంది. ఆయన పేరున్న రచయితలను నిలదీశారు, వేలమంది చదువుతున్న పుస్తకాలను నిలదీశారు. ఆ కరుకుదనానికి పని ఉంది.

మీ వదినగారి పుస్తకం అంగడిలో లేదు. దానికి కొనుగోలుదారు లేడు, మోసపోయే పాఠకుడూ లేడు. పెళ్లి పిలుపులా చేతికిచ్చి, ఇంటికి పంపి ఆవిడ పంచుకున్న పుస్తకం అది. తెలుగునాట అచ్చయ్యే కవితా సంపుటాల్లో చాలా వాటి నడక ఇలాగే ఉంటుంది. కవి సొంత డబ్బు, మూడు నాలుగు వందల ప్రతులు, ఒక ఆవిష్కరణ సభ, ఆ తర్వాత తపాలా ఖర్చులు. అలాంటి పుస్తకం మీద తీర్పు పత్రికలో అచ్చయితే, దాన్ని తనకు వచ్చిన ఉత్తరంలా చదువుకునేది ఆ కవి ఒక్కతే. తక్కినవారంతా ఆ ఉత్తరాన్ని ఆవిడ భుజం మీదుగా చదివారు. ఆవిడకు తగిలింది మీ అభిప్రాయం కంటే ఆ బహిరంగత అని నా నమ్మకం.

కాబట్టి మీరు క్షమాపణ చెప్పవలసింది ఒకదానికి, చెప్పకూడనిది ఒకదానికి. అచ్చులో పెట్టినందుకు చెప్పండి. "వదినా, ఇది మన ఇంట్లో కూర్చుని మాట్లాడుకోవలసిన విషయం. పత్రికకు పంపడం నా పొరపాటు" అనండి. కవితల గురించి అనుకున్నదానికి మాత్రం క్షమాపణ అడగకండి. "అన్నీ బాగున్నాయి, నాకే అర్థం కాలేదు" అన్నారంటే ఆవిడకు ఆ మాట అబద్ధమని తెలిసిపోతుంది. 70 ఏళ్ల మనిషి ముఖప్రీతి మాటలు ఎన్ని విని ఉంటారు! అప్పుడు మీరు నిజంగా మెచ్చుకున్న ఆ అయిదు కవితల విలువా పోతుంది.

ఆ అయిదింటి గురించి మీ సమీక్షలో ఎన్ని వాక్యాలు రాశారో ఒకసారి చూసుకోండి. మీరు జతచేసి పంపిన ప్రతిలో నేను లెక్కపెట్టాను. రెండే రెండు. తక్కిన పేజీన్నర అంతా ముప్పై అయిదు కవితలు ఎందుకు నిలవవో చెప్పడానికే సరిపోయింది. జవాబు పత్రం దిద్దే అలవాటు ఇక్కడ కనిపిస్తోంది. ముప్పై ఏళ్లకు పైగా ఎర్ర సిరాతో తప్పుల కింద గీతలు గీసిన చెయ్యి కదా, ఒప్పు దగ్గర టిక్కు పెట్టి ముందుకు వెళ్లిపోతుంది. సమీక్షలో ఆ టిక్కు దగ్గరే ఆగాలి. ఈ వాక్యం ఎందుకు నిలిచింది, ఏ మాట దాన్ని నిలబెట్టింది అన్నది రాయడం తప్పు చూపడం కంటే కష్టం. వదినగారి దగ్గరకు వెళ్లినప్పుడు ఆ పుస్తకం వెంట తీసుకువెళ్లండి. ఆ అయిదు కవితలనూ ఆవిడ ఎదురుగా పైకి చదవండి. ఎక్కడ మీకు గుండె పట్టేసిందో చెప్పండి. ఆ తర్వాత ఆవిడే అడిగితే మిగతావాటి గురించి చెప్పండి. అడగకపోతే వదిలేయండి.

ఇంకొక మాట. ఆవిడ 70వ ఏట పుస్తకం వేశారు, మీరు 60 దాటాక రాయడం మొదలుపెట్టారు. ఆవిడ తమ్ముణ్ణి, ఆ తర్వాత పిల్లల్ని పెంచుతూ, మీరు బడి నడుపుతూ, ఇద్దరూ ఒకే ఆకలిని దాచుకుంటూ వచ్చారు. ఒకే కుటుంబంలో ఇలాంటి ఆడవాళ్లు ఇద్దరు ఉండడం ఎంత అరుదో నాకు వచ్చే ఉత్తరాలు చూస్తే తెలుస్తుంది. ఈ స్నేహం పోగొట్టుకోకండి.

మీవారి ముభావానికి మూలం కూడా మీ ఉత్తరంలోనే ఉంది, మీరే ఒక్క ముక్కలో రాసి దాటేశారు. తల్లి పోయాక పెంచిన అక్క. ఆయనకు అది అక్కగారి పుస్తకం కాదు, అమ్మ రాసిన పుస్తకం. ఆయన మీ రాతలకు వ్యతిరేకి అని మీరు అనుకుంటున్నారు. నాకలా కనిపించలేదు. అంతకుముందు రెండేళ్లూ మీరు రాసింది ఏదీ ఆయన అడ్డుకున్నట్టు మీరు రాయలేదు. అక్కకూ భార్యకూ మధ్య నిలబడి, ఎవరినీ ఏమీ అనలేక నోరు మూసుకున్న మనిషి ఆయన. "మీ అక్కగారికి సర్ది చెప్పండి" అని ఆయనను రాయబారం పంపకండి. మీరు వెళ్తున్నానని చెప్పి, రమ్మని మాత్రం అడగండి. వస్తే రానివ్వండి, రాకపోతే ఒక్కరే వెళ్లండి.

మీ రాతల్లో ఆయనకు చోటు ఉందా అని కూడా ఆలోచించండి. మీరు తెల్లవారుజామున లేచి, తలుపు దగ్గరగా వేసుకుని రాస్తానన్నారు. ఇంట్లో ఒకరు రోజూ తలుపు వేసుకుంటే రెండోవారికి ఆ తలుపే కనిపిస్తుంది. ఆయన పుస్తకాల మనిషి కాకపోవచ్చు. కానీ నవలలో ఒక రాత్రి బస్సు ప్రయాణమో, డిపోలో గొడవో వస్తే, అది అలాగే జరుగుతుందా అని చెప్పగలిగినవారు మీ ఇంట్లో ఆయనే. ఆ పేజీ చదివి వినిపించి అడగండి. ఆయన చెప్పింది సమీక్షలో రాస్తే, అది ఆర్టీసీలో పనిచేసిన మావారు చెప్పిన మాట అని కూడా రాయండి.

ఇక ఆ పెద్దమనిషి మాట. ఒక రంగంలోనే లోతుగా పోయేవారు కావాలి, కాదనను. కానీ పాఠకులు అలా బతకరు. ఒకే ఇంట్లో ఒకరు డిటెక్టివ్ నవల, ఒకరు భక్తి పుస్తకం, ఒకరు చరిత్ర చదువుతారు. ఒకే మనిషి మూడూ చదువుతారు. మీ ఊళ్లో పుట్టిన కొడవటిగంటి కుటుంబరావు గారినే తీసుకోండి. కథలు, నవలలు రాశారు. 1952 నుంచి 1980లో కన్నుమూసేదాకా చందమామ నడిపారు. సైన్సు గురించి, సినిమా గురించి, సంగీతం గురించి, చరిత్ర గురించి వ్యాసాలు రాశారు. ఆయనకు దేనిమీదా పట్టు లేదని ఎవరైనా అంటారా?

అయితే అన్ని రకాల పుస్తకాలనూ ఒకే తూనికరాయితో తూచకూడదు. మీరు పంపిన సమీక్షల్లో నాకు ఇబ్బందిగా తోచింది అదొక్కటే. డిటెక్టివ్ నవలలో "పాత్రల్లో లోతు లేదు" అని రాశారు. ఆ నవల పాఠకుడికి లోతు ఇస్తానని మాట ఇవ్వలేదు. ఆధారాలన్నీ మన కళ్ల ముందే పెట్టి, మనం చూడలేకపోయేలా చేస్తానని మాట ఇచ్చింది. ఆ మాట నిలబెట్టుకుందా? హంతకుడు చివరి ఇరవై పేజీల్లో ఊడిపడితే అది మోసం, గట్టిగా రాయండి. కొమ్మూరి సాంబశివరావు గారి డిటెక్టివ్ యుగంధర్ కోసం అద్దె పుస్తకాల దుకాణాల చుట్టూ తిరిగిన తరం మీది. ఆ పుస్తకాలు ఎందుకు కింద పెట్టలేకపోయేవారో మీకు నేను చెప్పనక్కర్లేదు.

చరిత్ర పుస్తకం దగ్గర మీ చదువే మీకు బలం. ఈ మాట ఎక్కడిది, శాసనమా, దస్తావేజా, విన్న కథా అని అడగడం మీకు వెన్నతో పెట్టిన విద్య. వేటపాలెం మీకు ఎంతో దూరం లేదు. 1918 నుంచి అక్కడ నడుస్తున్న సారస్వత నికేతనం గ్రంథాలయంలో పాత పత్రికల సంపుటాలు ఉన్నాయి. ఏదైనా పుస్తకం ఫలానా కాలంలో ఇలా జరిగిందని రాసినప్పుడు అనుమానం వస్తే, ఒక రోజు వెళ్లి ఆనాటి పత్రికలు తిరగేసి రండి. ఆత్మకథ దగ్గర మరో కన్ను కావాలి. ఆ మనిషి ఏం చెప్పారన్నదాంతో పాటు, ఏ ఏళ్లను గబగబా దాటేశారో, ఎవరి పేరు ఎత్తలేదో చూడాలి. అనువాదమైతే పైకి చదవండి. వాక్యం నాలుకకు అడ్డం పడిన చోటల్లా మూలభాష తల ఎత్తుతోందని అర్థం. వంటల పుస్తకం మీద, అందులోవి రెండు మూడు వండకుండా ఒక్క ముక్క కూడా రాయకండి. "తగినంత ఉప్పు" అని తప్పించుకున్న పుస్తకం కొత్తగా వంట నేర్చుకునేవారికి పనికిరాదని మీ పొయ్యి మీదే తేలిపోతుంది. కవిత్వం గురించి ఇంతకుముందే చెప్పాను, నిలిచినదాని దగ్గర ఆగండి.

మీకు తెలియని రంగం ఎదురైనప్పుడు, తెలియదని మొదటి పేరాలోనే రాసేయండి. "నాకు కర్ణాటక సంగీతం తెలియదు, తెలియనిదానిగానే ఈ పుస్తకం చదివాను" అని రాసిన సమీక్షను నేను ఎక్కువ నమ్ముతాను.

మీ అబ్బాయి విషయం కొంచెం సున్నితం. అతను "కాలక్షేపం" అన్నాడని బాధపడ్డారు. కానీ అమ్మా, ఆ మాట అతని కంటే ముందు మీరే వాడి ఉంటారు. "ఏదో కాలక్షేపానికి రాసుకుంటున్నాను" అని ఎంతమందితో అన్నారో గుర్తు చేసుకోండి. అందరూ లేవకముందు చాటుగా చేసే పనిని ఇంట్లోవాళ్లు పనిగా గుర్తించరు. రేపటి నుంచి పగలే, ఫలానా గంట నుంచి ఫలానా గంట దాకా రాసుకుంటానని చెప్పి, హాల్లోనే బల్ల వేసుకుని కూర్చోండి.

మనవడి దగ్గరకు వెళ్లాలా? మీ పిల్లల్ని ఇంకొకరు పెంచారు కాబట్టి ఆ ఋణం ఉందన్నారు. ఆ మాట నేను తీసిపారేయను, అది నిజమైన ఋణం. అయితే ఆ పెద్దావిడను అప్పట్లో ఎవరైనా "నీకేం చేయాలని ఉంది" అని అడిగారా? అడిగి ఉండరు. ఇప్పుడు మీ కోడలూ కొడుకూ మిమ్మల్ని ఆ ప్రశ్న అడిగేలా చేస్తే, ఆవిడకు జరగనిది మీకు జరిగినట్టు. ఋణం తీర్చడానికి ఒక కొలత పెట్టుకోండి. బిడ్డ బడిలో కుదురుకునేదాకా, ఉదాహరణకు ఆరు నెలలు. రోజులో మూడు గంటలు మీవి, ఆ సమయానికి వేరే ఏర్పాటు వాళ్లు చూసుకోవాలి. పుస్తకాలు ఎక్కడైనా చదువుకోవచ్చన్నది సగం నిజమే. మూడేళ్లవాడు కాళ్ల దగ్గర ఆడుతుంటే నాలుగు పేజీలు చదవవచ్చేమో గానీ నాలుగు వాక్యాలు రాయలేరు. ఈ సంగతి అబ్బాయికి ఫోనులో కాక, వాడు వచ్చినప్పుడు కోడలు కూడా ఉండగా చెప్పండి. ఆమెకు ఉద్యోగం ఉంది, పని గంటలంటే ఏమిటో ఆమెకు తెలుసు. మీ మాట ముందుగా ఆమెకే అర్థమవుతుందని నా ఊహ.

మీవారు హైదరాబాదుకు వస్తారా, తెనాలిలో ఒక్కరే ఉంటారా అన్న సంగతి ఉత్తరంలో ఎక్కడా లేదు. అబ్బాయికి మాట ఇచ్చే ముందు ఆయనను అడగండి.

ఒకవేళ వెళ్తే పిల్లల పుస్తకాలు కొన్ని పట్టుకెళ్లండి. మీ సమీక్షల జాబితాలో అవి ఒక్కటీ లేవు. బొమ్మల పుస్తకం బాగుందో లేదో మీ మనవడు ముఖం మీదే చెప్తాడు. నచ్చనిదైతే రెండో పేజీకే లేచి వెళ్లిపోతాడు, నచ్చినదైతే పదకొండోసారి చదవమంటాడు.

చివర్లో అడిగారు కదా, దివాను మంచం మీద పేరుకుపోయిన పుస్తకాలు ఏం చేయాలని. మళ్లీ చదవాలనిపించేవి ఉంచుకుని, మిగతావి మీ శాఖా గ్రంథాలయంలో అడిగి, తీసుకుంటామంటే ఇచ్చేయండి. వదినగారి పుస్తకం మాత్రం ఇంట్లోనే ఉండనివ్వండి, ఆ అయిదు పేజీల దగ్గర గుర్తులతో సహా.