కాలనీ కట్టుకునే కంప్యూటర్ ఆట రిమ్‌వరల్డ్‌లో రాతి బ్లాకులూ స్టీలూ ఎప్పుడూ చాలకపోతుంటే బిల్లులు (టేబుల్‌కి ఇచ్చే పని ఆర్డర్లు) ఎలా పెట్టాలి?

రాళ్లు కోసే స్టోన్‌కటర్ టేబుల్ మీద డూ ఫరెవర్ (ఆపకుండా చేస్తూనే ఉండు) పెట్టినా ప్రహరీ సగంలో ఆగిపోతోందనీ, స్టీలు ఎటు పోతోందో తెలియట్లేదనీ అడిగారు. నేను 2018లో 1.0 వచ్చినప్పటి నుంచీ ఆడుతున్నాను, అదీ ఎక్కువగా కొండ మ్యాపుల్లో. అందుకే రాళ్ల సంగతి కాస్త వివరంగా చెప్తాను.

ముందు లెక్క చూద్దాం. ఒక బండ కోస్తే 20 బ్లాకులు వస్తాయి. గడి గోడకి 5 పడతాయి, అంటే బండకి నాలుగు గోడలు. మామూలు తలుపుకి 25. 50 గడుల ప్రహరీకి 250 బ్లాకులు, అంటే 13 బండలు కావాలి. ఈ లెక్క తెలిశాక చాలామంది బిల్లులో 250 అని కొడతారు. అక్కర్లేదండీ. డూ అంటిల్ యు హావ్ (ఇంత నిల్వ అయ్యేదాకా చేయి) పెట్టినప్పుడు మీరిచ్చే అంకె నిల్వలో ఉండాల్సిన సరుకు, మొత్తం పనికి పట్టే సరుకు కాదు. బ్లాకుల్ని బ్లూప్రింట్ (కట్టడానికి గీసిన చోటు) దగ్గరికి మోసుకెళ్లగానే అవి నిల్వ లెక్కలోంచి పోతాయి, కోసే మనిషి మళ్లీ టేబుల్ దగ్గరికి వస్తాడు. ప్రహరీ ఎంత పొడవున్నా బిల్లు దానంతట అదే తిరుగుతూ ఉంటుంది. నేను 150 దాటి పెట్టను. కుప్పకి 75 పడతాయి కాబట్టి అవి రెండు నిండు కుప్పలు.

దీంతోపాటు పాజ్ వెన్ శాటిస్‌ఫైడ్ (నిల్వ నిండగానే ఆగు) టిక్ చేసి, అన్‌పాజ్ (మళ్లీ మొదలుపెట్టు) దగ్గర 60 ఇవ్వండి. అది లేకపోతే నిల్వ 149కి దిగిన ప్రతిసారీ ఒకరు చేతిలో పని అవగానే ఒక్క బండ కోయడానికి పరిగెత్తుతారు. ఇది పెడితే ఒక విడత కూర్చుని కోసేసి, ఆ తర్వాత వేరే పనులు చూసుకుంటారు.

ఇప్పుడు అసలు చిక్కు. మేక్ ఎనీ స్టోన్ బ్లాక్స్ అనే బిల్లు అన్ని రకాల రాళ్లనీ కలిపి లెక్కపెడుతుంది. మ్యాప్‌లో రెండు మూడు రకాల రాయి ఉంటుంది కదా. నిల్వలో 90 సున్నపురాయి, 60 మార్బుల్ ఉన్నాయనుకోండి, 150 అయిపోయిందని బిల్లు ఆగిపోతుంది. మీరు గోడలు గీసింది గ్రానైట్‌తో. గ్రానైట్ సున్నా. కట్టేవాళ్లు ఖాళీగా తిరుగుతుంటారు, స్క్రీన్ మీద చూస్తే రాళ్లు బోలెడున్నట్టు కనిపిస్తాయి. ఎవరైనా తికమకపడతారు. ఎనీ బిల్లు తీసేసి, ఏ రాయికి ఆ రాయి విడిగా బిల్లు పెట్టండి. ప్రహరీకి గ్రానైట్ 150, పడకగదులకీ భోజనాల గదికీ మార్బుల్ 75. గ్రానైట్ గోడ బలం 510, మార్బుల్‌ది 360, కాబట్టి దాడులు వచ్చే వైపు మార్బుల్ వాడకండి. మార్బుల్ అందానికి. గ్రానైట్ లేని మ్యాపైతే సున్నపురాయి 465తో దాదాపు అంత పని చేస్తుంది.

రెండో చిక్కు ఇంకా కనపడనిది. ఆట లెక్కలోకి తీసుకునేది స్టాక్‌పైల్‌లోనో (నిల్వకని నేలమీద గీసిన జోన్) షెల్ఫ్‌లోనో ఉన్న సరుకునే. నేలమీద ఊరికే పడి ఉన్నది లెక్కలో లేనట్టే. బిల్లులో డ్రాప్ ఆన్ ఫ్లోర్ (చేసింది అక్కడే కింద వదిలేయ్) పెట్టి, టేబుల్ చుట్టూ జోన్ గీయకపోతే, ఎదురుగా గుట్టలు పడుతున్నా కోస్తూనే ఉంటారు. నేను టేబుల్ చుట్టూ బ్లాకులకి మాత్రమే ఒక చిన్న స్టాక్‌పైల్ గీసి, ప్రయారిటీ క్రిటికల్ ఇస్తాను. కోసింది కింద పడగానే లెక్కలోకి వస్తుంది, కోసేవాళ్లు మోత పెట్టుకోకుండా వెంటనే తర్వాతి బండ ఎత్తుకుంటారు. దాని పక్కనే బండలకి డంపింగ్ జోన్. ఇల్లు కట్టించేటప్పుడు మేస్త్రీ ఇటుకల లోడు గోడ పక్కనే దింపించుకుంటాడే, అదే పద్ధతి.

బండలు వాటంతట అవి ఆ జోన్‌లోకి రావు. ఆర్డర్స్‌లో హాల్ థింగ్స్ (మోయమనే ఆదేశం) తీసుకుని వాటి మీద గీయాలి, అప్పుడే మోస్తారు. గీయకపోయినా కోసేవాళ్లు స్వయంగా వెళ్లి తెచ్చుకుంటారు, దగ్గర్లో అయిపోతే మ్యాప్ ఆ చివరికైనా వెళ్తారు. బయట మనుషుల మీద పడే జంతువుల (మ్యాన్‌హంటర్) గుంపు తిరుగుతున్నా సరే. బిల్లు డీటెయిల్స్‌లో ఇంగ్రీడియంట్ రేడియస్ (ముడిసరుకు కోసం వెళ్లే దూరం) డంపింగ్ జోన్ వరకే వచ్చేలా తగ్గించండి. ఈ ఒక్క మార్పుతో మా కాలనీలో కోత పని ఎంత వేగం పుంజుకుందో చూసి నాకే ఆశ్చర్యమేసింది.

డూ ఫరెవర్ వల్ల మీకు జరుగుతున్న నష్టం ఇంకోటుంది. వర్క్ ట్యాబ్‌లో పనులకి ఒకే ప్రాధాన్యపు అంకె ఇచ్చినప్పుడు ఎడమ నుంచి కుడికి పనులు చేస్తారు. క్రాఫ్ట్ (తయారీ) తర్వాతే హాల్ (మోత), క్లీన్ (శుభ్రం). రాళ్లు కోయడం క్రాఫ్ట్ కింద వస్తుంది. అది ఎప్పటికీ తీరని పనైతే ఆ మనిషి హాల్ దాకా రానే రాడు, కోసిన బ్లాకులు మోసేవాళ్లు తగ్గిపోతారు. ఒకే టేబుల్ మీద ఫరెవర్ బిల్లు పైన ఉంటే, బండలు ఉన్నంతసేపూ కింది బిల్లులకి వంతే రాదు. రాతికోతకి నైపుణ్యం అక్కర్లేదు కాబట్టి మంచి క్రాఫ్టర్‌ని దీనికి వాడకండి. బిల్లులోనే ఇంకే పనికీ పెద్దగా రాని ఒకరి పేరు ఎంచుకోండి.

ఇక స్టీలు. గోడలకీ, ఫర్నిచర్‌కీ స్టీలు పెట్టడం పూర్తిగా మానేయండి. స్టీలు గోడ బలం 300, అంటే మార్బుల్ కన్నా తక్కువ. పైగా ఈ ఆటలో స్టీలు గోడకి నిప్పంటుకుంటుంది, రాయికి అంటుకోదు. దానంతట అదే కాల్చే ఒక మినీ టరెట్‌కే 70 స్టీలు, మూడు కాంపొనెంట్లు (యంత్ర భాగాలు), పైన ఇంకో 30 లోహం పోతుంది. ఫ్యాబ్రికేషన్ బెంచ్ మీద ఒక్క కాంపొనెంట్ చేయడానికి 12 స్టీలు. అందుకే కాంపొనెంట్ల బిల్లు 10 దగ్గర ఆపండి, లేకపోతే తవ్వినదంతా అక్కడే కరిగిపోతుంది. మీ స్టీలు పోతున్నది ఇక్కడేనని నా అనుమానం. నేను ఫరెవర్ ఉంచేది ఒకే ఒక్క బిల్లుకి: స్మెల్టర్‌లో స్లాగ్ (లోహపు తుక్కు) కరిగించడానికి. ఒక్కో స్లాగ్‌కి 15 స్టీలు వస్తుంది, మ్యాప్‌లో స్లాగ్ ఎలాగూ కొంతే ఉంటుంది.

నిల్వలు కొండలా పేర్చుకోవద్దని చెప్పడానికి ఇంకో కారణం దాడులు. దాడి ఎంత పెద్దదో కాలనీ సంపదని బట్టి ఉంటుంది. నిల్వ సరుకు విలువ పూర్తిగా లెక్కలోకి వస్తుంది, కట్టడాల విలువ సగమే. ఆటలో డబ్బు వెండే కదా, బ్లాకు విలువ 0.9, స్టీలుది 1.9 వెండి. గోదాములో వెయ్యి స్టీలు ఊరికే ఉంటే 1,900 వెండి చూపించి దోపిడీ ముఠాలని పిలిచినట్టే. అదే బ్లాకుల్ని గోడగా పేరిస్తే లెక్కలో బరువు తగ్గుతుంది, రక్షణా ఉంటుంది.

బట్టల బిల్లులకీ ఇదే డూ అంటిల్ పని చేస్తుంది. అక్కడ మాత్రం డీటెయిల్స్‌లో ఒంటిమీద వేసుకున్నవి కూడా లెక్కపెట్టమని టిక్ చేసి, శవాల మీంచి తీసినవాటిని లెక్కలోంచి తీసేయండి.