కాంపాక్ట్ కెమెరాతో చిమ్మటలు, తోట పురుగుల ఫోటోలు స్పష్టంగా తీయగలమా?

తీయగలం. పైగా వీటిలో ఉండే చిన్న సెన్సర్ (కాంతిని ఫోటోగా మార్చే చిప్) ఇక్కడ వరమే: అంత దగ్గర నుంచి తీసినా పురుగు ఒంట్లో ఎక్కువ భాగం స్పష్టంగా వస్తుంది.

పువ్వు గుర్తున్న మాక్రో మోడ్ పెట్టి, జూమ్ పూర్తిగా వెనక్కి తీసుకోండి. చాలా కాంపాక్ట్ కెమెరాలు అలా ఉన్నప్పుడే అతి దగ్గరగా ఫోకస్ చేస్తాయి. ఒలింపస్ టీజీ-6 అయితే లెన్సుకు 1 సెంటీమీటరు దూరంలో ఉన్నదాన్నీ పట్టుకుంటుంది.

అసలు చిక్కు వెలుతురుతోనే. అంత దగ్గరకు వెళ్తే కెమెరా నీడ పురుగు మీదే పడుతుంది. ఒక పక్క చిన్న టార్చి, రెండో పక్క తెల్ల కాగితం పెడితే నీడలు మెత్తబడతాయి. ఫ్లాష్ తప్పకపోతే దాని ముందు టిష్యూ కాగితం అడ్డం పెట్టండి. లేకపోతే పెంకు పురుగుల వీపు మీద తెల్లటి మచ్చ తప్ప ఏమీ కనిపించదు.

చిమ్మటల కోసం వానాకాలపు రాత్రి తెల్ల దుప్పటి కట్టి దీపం పెట్టండి. మామూలు ఎల్‌ఈడీ బల్బులో చిమ్మటలను బాగా ఆకర్షించే అతినీలలోహిత కాంతి దాదాపు ఉండదు కాబట్టి దానికి తక్కువే వస్తాయి. తెల్లవారుజామున తీయడం నాకు మరీ ఇష్టం: చల్లదనానికి అవి కదలకుండా కూర్చుంటాయి. గన్నేరు ఆకులు తిని పెరిగే ఆకుపచ్చ హాక్ మాత్ అనే చిమ్మట కనబడితే అదృష్టమే! అది రెక్కలు వణికిస్తోందంటే ఎగరడానికి కండరాలు వేడి చేసుకుంటోందన్నమాట; ఆలస్యం చేయకండి.

పని కాగానే దీపం ఆర్పేయండి. దుప్పటి మీదే ఉండిపోయిన వాటిని పొద్దున్నే పిట్టలు తినేస్తాయి.