వేసవిలో పిల్లలతో చిన్న పడవలో ట్రౌట్ చేపలు పట్టాలంటే సిరోంచ వైపు రావచ్చా?

మీ ప్రశ్న ఇది: మే సెలవుల్లో మహారాష్ట్రలోని సిరోంచలో చుట్టాలింటికి వస్తున్నారు. వీడియోల్లో చూసినట్టు ఇంటిల్లిపాదీ చిన్న పడవలో కూర్చుని ట్రౌట్ పట్టాలని ఉంది. అక్కడి ప్రాణహిత నదిలో అవి దొరుకుతాయా?

దొరకవండీ. ట్రౌట్ చన్నీళ్ల చేప. నీళ్ల వేడి 20 డిగ్రీలు దాటితే దానికి ఇబ్బంది మొదలవుతుంది, 25 దాటితే బతకడమే కష్టం. మే నెలలో ప్రాణహిత ఇసుక మీద చెప్పుల్లేకుండా పది అడుగులు వేసి చూడండి, ట్రౌట్ ఇక్కడ ఎందుకు లేదో మీ కాళ్లే చెప్తాయి. అసలు అది మన దేశపు చేపే కాదు. 1900 ప్రాంతంలో ఇంగ్లీషువాళ్లు దాని గుడ్లను ఓడలో తెప్పించి కశ్మీర్‌లో పెంచారు. ఇప్పుడు పహల్గాం దగ్గర లిద్దర్ నదిలో, హిమాచల్‌లో తీర్థన్‌లో, దక్షిణాదిలో మున్నార్, నీలగిరుల్లో ఉంది. కశ్మీర్, హిమాచల్‌లలో మత్స్యశాఖ పర్మిట్ తీసుకోవాలి. హిమాచల్‌లో నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా వేట బంద్, కాబట్టి వేసవి సెలవులకు ఇబ్బంది లేదు. కానీ అక్కడి ఏరుల్లో ఒడ్డున నిలబడో, మోకాలి లోతు నీళ్లలో దిగో గాలం వేస్తారు. పడవలో ట్రౌట్ అనేది మీరు చూసిన ఆ విదేశీ సరస్సుల ముచ్చట.

చేప ఏదైనా ఫర్వాలేదు, పడవ, గాలం, పిల్లల సంబరం ఉంటే చాలు అనుకుంటే మాత్రం ప్రాణహితకే రండి. మా అత్తగారి ఊరు సిరోంచ తాలూకాలోనే, నది పక్కన. అవతలి ఒడ్డు మంచిర్యాల జిల్లా. పోయిన మే నెలలో నేను, మా ఆవిడ, తొమ్మిదేళ్ల మా పాప, బావమరిది, మామయ్య వెళ్లాం.

మొదటి రోజు నా వల్లే పాడైంది. పిల్ల లేచి, టిఫిన్ తిని, మేం రేవుకు చేరేసరికి ఎనిమిది. మామయ్య ఏమీ అనలేదు. గంటన్నర కూర్చున్నా బెండు కదలకపోతే అప్పుడన్నాడు: "ఈ యాళ్లకు బర్రె కూడ నీడకు పోతది అల్లుడా, చేపకు తెలివి లేదా?" నీళ్లు వేడెక్కిన కొద్దీ వాటిలో ప్రాణవాయువు తగ్గుతుంది. అందుకే చేప పొద్దెక్కకముందే తిని మడుగులోకి దిగిపోతుంది. ట్రౌట్‌కైనా బొచ్చెకైనా ఇదే లెక్క, ఓర్చుకునే వేడి మాత్రం వేరు. మర్నాడు నాలుగున్నరకే బయలుదేరాం, ఎనిమిదికల్లా ఇంట్లో ఉన్నాం. రోహిణి కార్తెలో ఆ తర్వాత నది మీద ఉండటం చేపల కోసం కాదు, వడదెబ్బ కోసం.

ఇంకో సంగతి. ఇక్కడి నది గురించిన పాత వీడియోలు చూసి రాకండి. 2019లో దిగువన గోదావరి మీద మేడిగడ్డ బరాజ్ మొదలయ్యాక, గేట్లు మూసినప్పుడు ఎదురు నీళ్లు ఇటు దాకా నిలిచేవి. 2023 అక్టోబర్‌లో అక్కడ పిల్లర్లు కుంగి నీళ్లు వదిలేశారు. నేను చూసిన మే నెలలో మళ్లీ పాత ప్రాణహితే: ఇసుక దిబ్బలు, సన్నటి పాయలు, మధ్యమధ్య మడుగులు. రెండు చోట్ల మేమే దిగి పడవను ఇసుక మీద ఈడ్చాం. పాపకు అదే ఎక్కువ నచ్చింది.

పడవ మామయ్యకు తెలిసిన బెస్తాయనది. మరాఠీలో వాళ్లను ధీవర్ అంటారు. పడవ ఒక్కటే అద్దెకు తీసుకోవద్దు, మనిషిని కూడా పిలవండి, కూలి అడిగినంత ఇవ్వండి. వాళ్ల వలలున్న చోట గాలం వేయకండి, ఆ నది వాళ్లకు తిండి పెట్టేది. మడుగు అంచున ఇసుక కాలి కింద జారిపోతుందని, ఎక్కడ దిగొచ్చో ఎక్కడ దిగొద్దో ఆయనకే తెలుసు. నాకు తెలియదని ఎప్పుడు తెలిసిందంటే, గాలం దేనికో తట్టుకుంటే లాగుదామని లేచి నిలబడ్డాను. పడవ ఒక్కసారిగా ఒరిగింది. "బావా, కూసో! కూసో!" అని బావమరిది అరిచేలోపే చొక్కా జేబులోని ఫోన్ నీళ్లలో పడింది. లైఫ్ జాకెట్ పాపకొక్కదానికే కొన్నాను, పెద్దవాళ్లకు ఎందుకులే అనుకుని. మీరు అందరికీ కొనండి.

ఎరగా బోరింగు దగ్గరి తడి మట్టిలో తవ్విన ఎర్రలు తీసుకెళ్లాం. బొచ్చె, రవ్వుల కోసం తవుడు, పల్లి చెక్క కలిపిన పిండి ముద్ద. ఆ పెద్ద చేపలేవీ మా ముద్ద ముట్టలేదు. పరకలనే చిన్న చేపలు మాత్రం బెండును టుక్కుటుక్కుమని పొడుస్తూ ఎర్రలన్నీ తినేశాయి. తెల్లారుతుండగా పాప బెండు పొడవడం లేకుండా పక్కకు నడుచుకుంటూ పోయి మునిగింది. లాగితే జానెడు జెల్ల. మీసాలు చూసి నవ్వి చెయ్యి చాపింది. మామయ్య గబుక్కున ఆ చెయ్యి పట్టుకున్నాడు. "ముట్టకు బిడ్డా, ముల్లుంటది." జెల్లకు వీపు మీద ఒకటి, పక్కలకు రెండు గట్టి ముళ్లు. వాటిని నిక్కబొడుచుకుంటే ఇక మడవడం మన వల్ల కాదు. ఆయన దాన్ని వెనక నుంచి పట్టాడు: వీపు ముల్లు అరచేతికి ముందు, పక్క ముళ్లు వేళ్ల సందుల్లోంచి బయటికి. అది కిర్రుకిర్రుమంది. "ఏడుస్తుందా తాతా?" అంది పాప. ఏడుపు కాదు, ముల్లును కీలులో రాసి చేసే చప్పుడు.

రెండో జెల్లను నేను అలాగే పట్టబోయి బొటనవేలిలో గుచ్చుకున్నాను. సాయంత్రం దాకా సలుపు. ఓర్చుకోగలిగినంత వేడి నీళ్లలో వేలు పెట్టుకుంటే తగ్గింది. వాపు పెరిగితే మాత్రం డాక్టరుకు చూపించుకోవాల్సిందే.

నాలుగు జెల్లలు, గుప్పెడు పరకలు. అత్తమ్మ మామిడికాయ వేసి పులుసు పెట్టింది. ట్రౌట్ ఎలా ఉంటుందో తినలేదు కాబట్టి పోల్చలేను.

మృగశిర కార్తె లోపే రండి. వానలు పడితే నది పొంగుతుంది, పైగా బొచ్చె, రవ్వు గుడ్లు పెట్టేది ఆ ఎర్ర నీళ్లలోనే, అప్పుడు పట్టొద్దు. తెలంగాణ వైపు నుంచైతే కాళేశ్వరం దగ్గర గోదావరి వంతెన దాటితే సిరోంచే. మీ పిల్లల వయసు మీరు రాయలేదు. ఐదేళ్ల లోపువాళ్లయితే పడవ ఎక్కించకండి, ఒడ్డున లోతు లేని చోట ఒక కర్ర, దారం, బెండు ఇచ్చి కూర్చోబెట్టండి. పరకలు అక్కడే ఎక్కువ పడతాయి.