చావింట్లో నోరు మూసుకుని కూర్చోవడం నేర్పే ఆచారమే నా ఓటు

"ఏ మతంలో అంత్యక్రియల పద్ధతి మీకు బాగా నచ్చింది, ఎందుకు?" అని కదా అడిగారు. కాల్చడమా పూడ్చడమా అన్న గొడవ నాకు పెద్దగా పట్టదండీ, పోయినవాళ్లకి రెండూ ఒకటే. నన్నడిగితే పలకరింపుకొచ్చే జనాన్ని ఏ ఆచారం అదుపులో పెడుతుందో అదే గొప్పది, ఆ రకంగా చూస్తే యూదులకి ఫస్ట్ ర్యాంక్ ఇచ్చేస్తా.

మా నాన్న పోయినప్పుడు వచ్చిన ప్రతివాళ్లూ గుమ్మంలోనే "అసలేం జరిగింది?" అని మొదలు. మా అమ్మ ఆ రాత్రి ఆయాసం దగ్గర్నుంచీ అంతా చెప్పేది, చెప్పి, ఏడ్చి, కాస్త తేరుకునేలోపు ఇంకో బ్యాచ్ దిగేది, మళ్లీ మొదట్నుంచీ చెప్పాలి. ఒకాయనైతే అంతా విని "ఇంకో డాక్టరుకి చూపించాల్సిందమ్మా" అనేసి తీరిగ్గా ఫోన్ చూసుకుంటూ కూర్చున్నాడు. ఈ జన్మలో మర్చిపోను.

కొన్నేళ్ల తర్వాత నాతో పనిచేసే యూదు ఫ్రెండ్ వాళ్ల నాన్న పోతే వెళ్లా. వాళ్లలో పూడ్చి వచ్చాక ఏడు రోజులు ఇంటిపట్టునే ఉంటారు, షివా అంటారు దాన్ని. తలుపు గడియ పెట్టరు, బెల్ కొట్టకుండా లోపలికి వెళ్లిపోవడమే. హాల్లో అద్దానికి దుప్పటి కప్పేసి ఉంది. మావాడు పొట్టి స్టూల్ మీద, మాసిన గడ్డంతో, కాళ్లకి సాక్సులు మాత్రం వేసుకుని ఉన్నాడు. చొక్కా ఎడమవైపు సరిగ్గా గుండె మీద చిరిగి దారాలు వేలాడుతున్నాయి, తల్లో తండ్రో పోతే ఆ వైపే చింపుకోవాలట. నన్ను చూసి లేవలేదు, హలో అనలేదు. పక్కనున్న పెద్దాయన చేత్తోనే కుర్చీ చూపించాడు. దుఃఖంలో ఉన్నవాళ్లు నోరు విప్పేదాకా వచ్చినవాళ్లు మాట్లాడకూడదని అక్కడే తెలిసింది. బైబిల్లో యోబు అనే ఆయన పిల్లల్నీ ఆస్తినీ పోగొట్టుకుంటే స్నేహితులు ఏడు పగళ్లూ ఏడు రాత్రులూ అతని పక్కన నేలమీద కూర్చుని ఒక్క మాటా మాట్లాడలేదు చూడండి, అదీ దీనికి మూలం (ఆ తర్వాత నోరు తెరిచి తప్పంతా యోబుదే అన్నారనుకోండి, అది వేరే సంగతి).

చాలాసేపటికి మావాడే "మా నాన్న ఏదీ పారేసేవాడు కాదు, పాత రేడియోలు విప్పి స్క్రూలన్నీ సైజుల వారీగా సీసాల్లో దాచేవాడు" అని మొదలుపెట్టాడు, ఇంక ఆగలేదు. ఏ జబ్బు, ఏ హాస్పిటల్ అని ఒక్కరంటే ఒక్కరు అడగలేదు. వచ్చినవాళ్లకి టీలు కాఫీలు ఇచ్చే పని కూడా ఇంటివాళ్లకి లేదు, శ్మశానం నుంచి రాగానే తినే మొదటి భోజనం బయటివాళ్లే తెచ్చిపెట్టాలి, అందులో ఉడకబెట్టిన గుడ్లు ఉంటాయి.

ముస్లింలలోనూ ఈ తిండి పద్ధతి ఉంది. 629లో ముతా యుద్ధంలో ముహమ్మద్ ప్రవక్త బంధువు జాఫర్ చనిపోయిన కబురు రాగానే వాళ్లింటికి వండి పంపమని ప్రవక్తే చెప్పారట. మనిషి పోయిన ఇంట్లో పొయ్యి ముందు నిలబడాల్సింది వేరేవాళ్లు అని అంత కాలం కిందటే అర్థమైంది చూశారా.

జపాన్ వాళ్లకి మాత్రం సగం మార్కులే ఇస్తా. దహనం అయ్యాక ఇంటివాళ్లే చాప్‌స్టిక్స్‌తో ఎముకలు ఏరి కుండలో వేస్తారు, లోపల మనిషి తలకిందులవ్వకూడదని పాదాల నుంచి మొదలుపెట్టి తల దాకా వస్తారు. అంతవరకూ దండం పెట్టొచ్చు. కానీ వచ్చినవాళ్లు కవర్లో డబ్బు ఇస్తారే, కోడెన్ అని, ఎవరెంత ఇచ్చారో ఇంటివాళ్లు రాసుకుని అందులో మూడో వంతో సగమో ఖరీదు చేసే వస్తువు తిరిగి పంపాలి. ఏడవాల్సినప్పుడు అకౌంట్స్ ఏంటండీ?

మాట్లాడిస్తే మనసు తేలికపడుతుంది కదా అనేవాళ్లు ఉంటారని తెలుసు, వాళ్లు మా అమ్మని అడిగి చూడొచ్చు. ఇక శవం పక్కన వీడియో కాల్ పెట్టి "ఇదిగో, మొహం చూడు" అని తిప్పి చూపించేవాళ్లున్నారే, వాళ్ల గురించి విడిగా ఎవరైనా అడగండి, తీరిగ్గా రాస్తా.