భార్య లేదా భర్త ఫోన్ లొకేషన్‌ను చెప్పకుండా చూడొచ్చా?

చూడకూడదు, పెళ్లయినంత మాత్రాన అవతలివాళ్ల ఫోన్‌ను రహస్యంగా ట్రాక్ చేసే హక్కు రాదు. వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కేనని 2017లో సుప్రీంకోర్టు తొమ్మిది మంది జడ్జీల ధర్మాసనం తేల్చింది. ఐటీ చట్టం ప్రకారం కూడా అనుమతి లేకుండా ఒకరి ఫోన్‌లోకి చొరబడి సమాచారం లాగడం తప్పు. దురుద్దేశంతో చేస్తే మూడేళ్ల వరకు జైలు పడొచ్చు.

తేడా అంతా అడగడంలోనే ఉంది. హైటెక్ సిటీలో రాత్రి పదింటికి షిఫ్టు దిగిన భార్య, దిల్‌సుఖ్‌నగర్‌కు క్యాబ్ ఎక్కి, వాట్సాప్‌లో గంటసేపు లైవ్ లొకేషన్ పెట్టిందనుకోండి. గంట అయ్యాక అదే ఆగిపోతుంది, మధ్యలో తనే ఆపేయొచ్చు కూడా. అది సమ్మతి. అదే ఫోన్‌ను ఆమె స్నానానికి వెళ్లినప్పుడు తీసి, గూగుల్ మ్యాప్స్‌లో ‘ఆపేవరకు’ షేరింగ్‌ను భర్త తన అకౌంట్‌కు ఆన్ చేసుకుంటే? నిఘా.

‘ఫోన్ కొన్నది నేనే, సిమ్ నా పేరు మీదే ఉంది, ఇంకేంటి’ అనుకోవడం చాలామంది చేసే పొరపాటు. బిల్లు కట్టినంత మాత్రాన వాడేవాళ్ల కదలికలు మన సొత్తు కావు. ఒకసారి సరేనంటే ఎప్పటికీ సరేనన్నట్టూ కాదు. పైగా మ్యాప్‌లో లొకేషన్ చూపించే చుక్కను నమ్ముకుని గొడవపడటం శుద్ధ దండగ: పెద్ద బిల్డింగుల మధ్య జీపీఎస్ పక్క వీధికి జరగడం మామూలే.